అంజలై నాలుక

దీవి మీది ఆయర్ ఈతం ఫ్లాట్ల కింద ఇరవై రెండేళ్ళుగా ఇడియాప్పం అమ్ముకుంటున్న అంజలై ఈసారి మురుగన్ పండగ తైపూసానికి నాలుకకి మొక్కు శూలం గుచ్చుకుంటుందన్న కబురు పొద్దున్న ఏడింటికి బయలుదేరి, ఎనిమిదిన్నరకల్లా పదిహేడు అంతస్తులూ ఎక్కేసింది. ఆ రోజు లిఫ్టు కూడా పనిచెయ్యలేదు. అయినా ఎక్కింది.

"ఏ నాలుకకీ? ఆ నాలుకకేనా?" అన్నాడు రెండో అంతస్తు మరుదముత్తు, కాఫీ కొట్టు దగ్గర కూర్చుని. ఓడరేవులో వాచ్‌మన్‌గా చేసి మానేసిన మనిషి, ఇప్పుడు ఫ్లాట్లకి ఊరికే కాపలా. "శూలం వంకరపోతుందేమో చూసుకోమనండి. ఇనుముదే చేయించుకోమనండి, వెండి ఆగదు."

నవ్వారు. నవ్వరా మరి! ఆ నాలుక దెబ్బ తినని గడప ఆ ఫ్లాట్లలో ఒక్కటుంటే చూపించండి. ఇంకాస్త కొబ్బరి వెయ్యమన్నందుకు, "మీ ఆయన్ని చెట్టెక్కమను, ఆయనకి మాత్రం వేరే పనేముంది?" అంటుంది, ఆ మొగుడి ఉద్యోగం పోయి వారం కూడా కాలేదని తెలిసి. పక్కింటి రుక్కు మొగుడు వేరేదానితో జొహోర్ వెళ్ళిపోయిన కొత్తల్లో, రుక్కు పప్పు మాడిన వాసనొస్తే, "మొగుణ్ణే నిలుపుకోలేకపోయింది, పప్పునేం చూసుకుంటుందిలే" అని వరండాలో నిలబడి అంది. రుక్కు ఆ రాత్రి మాడిన పప్పే తింది. పదేళ్ళయినా ఆ మాట మర్చిపోలేదు. అయినా అంజలై పక్కనే ఉంది, ఎక్కడికి పోతుంది? గోడ ఒకటే.

అంజలైని అనేసి ఊరుకుంటే మాత్రం పాపం తగులుతుంది. ఆ నాలుక ఊరికే అలా తయారవలేదు. కెడాలో రబ్బరు తోటలో పుట్టింది. తల్లి చెట్లు గీసేది, నోరెత్తి ఎరగదు. ఒకనాడు తెల్లవారుజామున హాజరు వేళకి ఆలస్యమైందని మేస్త్రీ తల్లిని అందరి ముందూ కాలితో తన్నాడు. రబ్బరు పాల బాల్చీ దొర్లుకుంటూ పోయింది. అంజలైకి అప్పుడు పదకొండేళ్ళు. బాల్చీ ఎత్తుకొచ్చి, మేస్త్రీ మొహంలోకి చూసి, అతని పెళ్ళాం రాత్రిళ్ళు గుమస్తా ఇంటి వెనక తలుపు ఎన్నిసార్లు తడుతుందో లెక్కపెట్టి చెప్పింది. అందులో సగం అబద్ధమే. మేస్త్రీ మాత్రం ఆ తర్వాత ఆ తల్లి మీద కాలెత్తలేదు. కత్తి ఎక్కడుందో ఆ పిల్లకి ఆ రోజు తెలిసిపోయింది. తెలిశాక వదులుతుందా?

కట్టుకున్న ఆరుముగం నోట్లో నాలుక లేని మనిషి. ఓడరేవులో మూటలు మోసేవాడు. కొడుకు దినకరన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు సరుకు పెట్టె వచ్చి మీద పడి చచ్చిపోయాడు. తాగి ఉన్నాడని కాంట్రాక్టరు చేతులు దులిపేసుకున్నాడు. అంజలై వాడి ఆఫీసు గుమ్మం ముందు తొమ్మిది రోజులు కూర్చుంది. తొమ్మిది రోజులూ తిట్టింది. తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టలేదంటారు చూసినవాళ్ళు. పదో రోజు వాడు దండం పెట్టి పరిహారం ఇచ్చాడు. ఇడియాప్పం బండి, ఆవిరి పాత్రలు, కొడుకు చదువు, అన్నీ ఆ నాలుక సంపాదించినవే. అది అన్నం పెట్టిన నాలుక.

ఆ నాలుకే కొడుకుని ఇంట్లోంచి వెళ్ళగొట్టింది.

దినకరన్‌కి మలర్‌ని ఇచ్చి చేశాక ఆరేళ్ళు పిల్లలు కలగలేదు. మూడేళ్ళ కిందట రుక్కు మనవరాలికి ముప్పయ్యో రోజు ఉయ్యాల వేడుక. హాలు నిండా జనం. మలర్ ముందుకెళ్ళి ఉయ్యాల్లోంచి బిడ్డని తీసుకోబోయింది. "ఏయ్, ఎండిన చేతులతో పచ్చి బిడ్డని ముట్టుకోకు" అంది అంజలై. పెద్దగా కూడా అనలేదు, పక్కవాళ్ళని సున్నం అడిగినట్టు అంది. మలర్ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుంది. భోజనాలయ్యేదాకా చేతులు ముందుకి తియ్యలేదు. తినలేదు కూడా. ఆ సాయంత్రమే దినకరన్ పెళ్ళాన్ని తీసుకుని, ఫెర్రీలో నీళ్ళు దాటి అవతలి ఒడ్డున బుకిత్ మెర్తాజం వెళ్ళిపోయాడు. మూడేళ్ళు, ఫోన్ లేదు, రాక లేదు. దీపావళికి కూడా.

అలాంటప్పుడు కార్తీక మాసంలో ఇడియాప్పం కొనడానికి వచ్చిన ఎవరో చెప్పారు, మలర్‌కి ఆరో నెల అని. అంజలై చేతిలో కొబ్బరి కోరు అలాగే ఉండిపోయింది. ఆ రోజు అమ్మకం మధ్యలో ఆపేసి, తిన్నగా శెల్లప్పన్ ఇంటికి వెళ్ళింది.

శెల్లప్పన్ ముప్పై ఏళ్ళుగా తైపూసానికి శూలాలు గుచ్చే మనిషి. మామూలు రోజుల్లో పంపులు బాగుచేస్తాడు. ఆమె మాట విని గడ్డం గోక్కున్నాడు.

"ఏం మొక్కు తల్లీ?"

"నా కొడుకు నా గడపకి రావాలి. ఆ బిడ్డ క్షేమంగా పుట్టాలి, నేను చూడాలి. దేనితో చెడగొట్టానో దాన్నే ఇస్తాను స్వామికి."

"ఇవ్వచ్చు. కానీ నాలుక మొక్కు కష్టం. నలభై ఎనిమిది రోజులు నీచు లేదు, ఒంటిపూట తిండి, కటికనేల పడక, అవి అందరికీ ఉన్నవే. నీకు ఇంకోటుంది. ఒక్క పరుష వాక్యం రాకూడదు. నియమం సరిగ్గా ఉంటే శూలం దిగినా చుక్క నెత్తురు రాదు. తప్పితే వస్తుంది. అందరి ముందూ వస్తుంది."

"రాదు."

"ఇంకోటి. మైల. మీ ఇంట్లో చావుగానీ పురుడుగానీ కబురు చెవిన పడిందా, నేను శూలం ముట్టుకోను. ఏడాది ఆగాల్సిందే. వినకపోతే అంటదు, విన్నప్పటినుంచే మైల. పోయినేడు గోవిందన్ తమ్ముడు నలభై అయిదో రోజున పోతే, అతను మురుగన్ కొండ దిగేదాకా ఇంట్లోవాళ్ళు చెప్పలేదు. దిగి పాలు తాగాక చెప్పారు, అప్పుడు ఏడ్చాడు. అలాగే చేస్తారు అందరూ. నీ వాళ్ళకి చెప్పి ఉంచు."

అంజలైకి వాళ్ళంటూ ఎవరున్నారు? రుక్కు ఉంది. ఇంటికొచ్చి, తన ఫోన్ రుక్కు చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గర ఉంచుకో. ఎవరు పుట్టినా, ఎవరు చచ్చినా నాకు చెప్పకు. నేను కొండ దిగాక చెప్పు. ఒట్టు వెయ్యి" అంది.

"ఎవరైనా అంటే... ఎవరైనానా?" అంది రుక్కు.

"ఎవరైనా."

రుక్కు ఒట్టు వేసింది.

దినకరన్ పసివాడిగా ఉన్నప్పటి వెండి మొలతాడు ఒకటి బియ్యం డబ్బాలో గుడ్డలో చుట్టి దాచుకుంది అంజలై, మనవడికో మనవరాలికో కట్టాలని. దాన్ని తీసుకెళ్ళి కరిగించి, చిటికెన వేలంత శూలం చేయించింది. కంసాలి రెండుసార్లు అడిగాడు, పసిపిల్లల వస్తువు కదా, కరిగించనా అని. "వాళ్ళ కోసమేలే" అంది.

ఇక మొదలైంది ఫ్లాట్లలో తమాషా! ఇలాంటి అవకాశం మళ్ళీ దొరుకుతుందా? మరుదముత్తు కాఫీ కొట్టులో పందెం కట్టాడు, నెత్తురు వస్తుందని. పందెం కట్టి ఊరుకున్నాడా? అది గెలవడానికి రోజూ పొద్దున్నే బండి దగ్గరికి వచ్చి కూర్చునేవాడు.

"అంజలై, ఇడియాప్పంలో వెంట్రుక వచ్చింది. నీదేనా, పైనుంచి రాలిందా?"

"వేరేది పెడతా అన్నా, కూర్చో."

"వద్దులే, నీ చెయ్యి పడిందంటే అదీ అంతే. అవునూ, మీ కోడలు నీళ్ళోసుకుందటగా. ఇక్కడున్న ఆరేళ్ళూ కాలేదు, నీళ్ళు దాటితే అయింది. గాలి మార్పా, మొగుడి మార్పా?"

బండి చుట్టూ ఉన్నవాళ్ళు నమలడం ఆపి చూశారు. అంజలై మెడ మీద నరం లేచింది. పైట కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి కొంగు తీసి, "స్వామి దయ అన్నా. బెల్లం వెయ్యనా?" అంది.

ఒక్క మరుదముత్తేనా! ఇరవై రెండేళ్ళుగా మాటలు పడ్డవాళ్ళందరూ వంతులేసుకుని వచ్చారు. ఉద్యోగం పోయినవాడి పెళ్ళాం వచ్చి అంజలై బతుకంతా ఏకరువు పెట్టింది. పిల్లలు బండి వెనక చేరి, "నాలుక్కి మేకు, నాలుక్కి మేకు" అని పాడారు. ఒకామె అయితే వచ్చి, నీ మొగుడు పెట్టె కింద చచ్చినవాడు కాదు, నీ నోటికి జడిసి పెట్టె కింద దూరినవాడు అని చెప్పి, హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోయింది. అంజలై అందరికీ మెత్తగా జవాబిచ్చింది. ఇంటికెళ్ళాక బకెట్టు నిండా నీళ్ళు పట్టి, తలుపేసుకుని, అందులో మొహం ముంచి అరిచేది. బుడగలు తప్ప ఏమీ వినపడేవి కావు. రుక్కు గోడకి చెవి ఆనించి వినేది, ఏమంటోందో తెలిసేది కాదు.

ముప్పయ్యో రోజు దాటేసరికి జనానికే విసుగొచ్చింది. నలభయ్యో రోజుకి భయం పట్టుకుంది. ఆ మెత్తటి గొంతు వింటుంటే ఒళ్ళు జలదరిస్తోందని ఒకరిద్దరు ఇడియాప్పం కొనడం మానేశారు. మరుదముత్తు పందెం వెనక్కి తీసుకుందామని చూశాడు, అవతల పందెం కట్టినవాళ్ళు ఒప్పుకోలేదు.

నలభై నాలుగో రోజున రుక్కు దగ్గరున్న ఫోన్ మోగింది. రుక్కు మాట్లాడింది. ఆ సాయంత్రం అంజలై వరండాలో కొండకి మొయ్యాల్సిన పాల బిందె చింతపండుతో తోముకుంటుంటే, ఎదురుగా వచ్చి నిలబడి, చాలాసేపు చూసింది.

"ఏంటే అలా చూస్తావు?"

"ఏం లేదు. ఇంకా నాలుగు రోజులేగా?"

"నాలుగే. ఎందుకు?"

"ఊరికే అడిగాను" అని రుక్కు లోపలికి వెళ్ళిపోయింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. ఒట్టుతోపాటు మాడిన పప్పు గుర్తొచ్చిందో లేదో, అది రుక్కుకే తెలియాలి.

నలభై ఏడో రోజు. తైపూసానికి ముందు రోజు, వెండి రథం ఊరు తిరిగే రోజు. ఫ్లాట్లన్నీ ఖాళీ అయిపోయి అందరూ రథం వెంట పోయారు. రుక్కు కూడా పోయింది. మధ్యాహ్నం మూడు గంటలకి అంజలై గ్రిల్ తలుపు వేసుకుని, మర్నాడు కట్టుకునే చీరకి పసుపు నీళ్ళు పెడుతోంది.

"అమ్మా."

మూడేళ్ళయింది ఆ మాట విని. పసుపు చేతులతో అలాగే లేచింది. గ్రిల్ అవతల దినకరన్. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. గడ్డం మాసింది. జేబు మీద ఆసుపత్రివాళ్ళు అంటించే చీటీ. చంకలో మడతపెట్టిన చిన్న తువ్వాలు, పసిపిల్లలది. ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. తలుపు తియ్యమనలేదు.

మొక్కు ఫలించింది, కొడుకు గడపకి వచ్చాడు, ఎలా వచ్చాడో కూడా ఆమెకి కనిపిస్తోంది.

"అమ్మా, ఒక్కసారి నాతో రా. ఒక్క చెంచా..."

"చెప్పకు!"

రెండు చేతులతో చెవులు మూసుకుంది. చెంపలకీ చెవులకీ పసుపు పట్టేసింది.

"చెప్పకురా నా బంగారు కొండా. రేపొక్క రోజు. రేపు మధ్యాహ్నానికి దిగేస్తాను, దిగి తిన్నగా నీ దగ్గరికే వస్తాను. అప్పుడు చెప్పు నాన్నా, అంతా చెప్పు. ఇప్పుడు వద్దు."

"రేపటికి ఏమీ మిగలదమ్మా."

ఆ మాట పెదాల మీద చదివిందో, వేళ్ళ సందుల్లోంచి విందో. వెంటనే కళ్ళు మూసుకుని "వేల్ వేల్, వేల్ వేల్" అని గొంతెత్తి స్వామిని పిలిచింది. దినకరన్ ఏదో చెబుతున్నాడు. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. ఇంకా వినలేదు కదా, వినకపోతే కాలేదు కదా, ఈ ఒక్క పూటా దాటించు స్వామీ, శూలం దిగితే అన్నీ నువ్వే చూసుకుంటావు, ఇప్పుడు తప్పితే ఉన్నది కూడా పోతుంది. ఆమె లెక్క అది. అరిచి అరిచి గొంతు పోయాక కళ్ళు తెరిచింది. దినకరన్ మాట్లాడటం మానేసి ఆమెనే చూస్తున్నాడు.

"ఎండన పడి వచ్చావు నాన్నా" అంది, చెవుల మీది చేతులు తియ్యకుండానే. పుట్టి బుద్ధెరిగాక ఆమె అంత తియ్యగా ఎవరితోనూ మాట్లాడి ఉండదు. "ఏమైనా తిన్నావా? లోపల అరటిపళ్ళున్నాయి. కానీ నువ్విప్పుడు గడప దాటకూడదుగా, లేకపోతే పెట్టేదాన్ని."

దినకరన్ ఊచలు వదిలేశాడు.

"అంటే తెలిసింది నీకు."

"నాకేం తెలియదు. ఎవరూ ఏమీ చెప్పలేదు."

"తిట్టమ్మా. మలర్‌ని తిట్టు, నన్ను తిట్టు, ఏమైనా అను. అని బయటికి రా. ఒక్క పూట."

"తిట్టనురా. నలభై ఏడు రోజులైంది తిట్టి. నీ కోసమే. వెళ్ళిరా నా తండ్రీ, చూసుకుని వెళ్ళు. మెట్లు తడిగా ఉన్నాయి."

వెళ్ళిపోయాడు. అతని చెప్పుల చప్పుడు పదకొండు అంతస్తుల మెట్లూ దిగేదాకా ఆమె చెవులు మూసుకునే ఉంది. తర్వాత తలమీంచి నీళ్ళు పోసుకుంది. చెవుల వెనక పసుపు పోలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా తన్నీర్‌మలై కొండ దారంతా డప్పులూ సాంబ్రాణి పొగా. కొండ దిగువ చలివేంద్రం పక్కన శెల్లప్పన్ పీట వేసుకుని కూర్చున్నాడు. ఫ్లాట్లలోంచి నలభై మంది దాకా వచ్చారు చూడటానికి. ఆఖరి పందెం కదా!

"మైల కబురేమైనా ఉందా తల్లీ?" అడిగాడు శెల్లప్పన్. అందర్నీ అడుగుతాడు.

"ఏమీ వినలేదు" అంది అంజలై. అది నిజమే. పక్కన పాల బిందె పట్టుకుని నిలబడ్డ రుక్కు కాళ్ళ కింద కంకర చూస్తోంది.

డప్పు జోరందుకుంది. అంజలైకి ఒళ్ళు ఊగింది, కళ్ళు పైకి పోయాయి. శెల్లప్పన్ విభూది అద్దిన వేళ్ళతో నాలుక పట్టుకుని ముందుకి లాగాడు. కొడుకు మొలతాడు వెండి, నాలుక మధ్యలో పైనుంచి దిగి కిందికి వచ్చింది.

చుక్క నెత్తురు రాలేదు.

ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని మరుదముత్తు మెడ చాచి మరీ చూశాడు. రాలేదు. తెల్లగా, శుభ్రంగా, కడిగిన ఆకులా ఉంది నాలుక. "మురుగా!" అని ఎవరో అరిచారు. మరుదముత్తు పందెం పోయిన సంగతి మర్చిపోయి రోడ్డు మీద సాష్టాంగపడి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. ఉద్యోగం పోయినవాడి పెళ్ళాం బోరుమని ఏడ్చింది. ఎంత నిష్ఠ, ఎంత నిష్ఠ అని చెంపలేసుకున్నారు. శెల్లప్పన్ కూడా, ముప్పై ఏళ్ళలో ఇంత శుభ్రమైన నాలుక చూడలేదన్నాడు.

బిందె నిండా పాలు నెత్తిన పెట్టుకుని అయిదొందల పైచిలుకు మెట్లు ఎక్కింది. ప్రతి చలివేంద్రం దగ్గరా, ప్రతి మలుపు దగ్గరా జనంలోకి చూసింది. దినకరన్ ఎక్కడైనా నిలబడి ఉంటాడని. పైన గుడిలో పాలన్నీ స్వామి శూలం మీద పోశారు. ధారగా కారి, తూములోంచి కిందికి పోయాయి. చిన్న గిన్నెడు పాలు ప్రసాదంగా తిరిగిచ్చారు. శూలం తీసి, విభూది కుక్కారు.

"ఇప్పుడు చెప్పనా?" అంది రుక్కు, ఫోన్ చేతికిస్తూ. మొహం పాలిపోయి ఉంది.

అంజలై తల అడ్డంగా ఊపింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, వాడే చెబుతాడని సైగ చేసింది. పాల గిన్నె పట్టుకుని ఒక్కతే ఫెర్రీ ఎక్కింది.

పసుపు చీర, నోటి చుట్టూ విభూది చూసి ఫెర్రీలో జనం దారిచ్చారు. ఒక చిన్నది, ఇరవయ్యేళ్ళుంటాయి, నెలల పిల్లని తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. "బొట్టు పెట్టండమ్మా, మీ చెయ్యి పడితే చాలు." అంజలై ఆ బిడ్డ నుదుట విభూది పెట్టింది. బిడ్డ తుమ్మింది. అంజలైకి ఆ రెండ్రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది, నాలుక నొప్పి పెట్టి ఆగిపోయింది.

బుకిత్ మెర్తాజంలో ఇల్లు ఎక్కడని అడుగుతూ వెళ్ళింది. తలుపు తీసే ఉంది. ముందు గదిలో మూల నేల మీద దీపం. మలర్ గుమ్మంలోకి వచ్చింది. జుట్టు విరబోసుకుంది, మొహం ఉబ్బింది. అత్తని చూసి కేకలెయ్యలేదు.

"రండత్తా. మొక్కు తీరిందా?"

అంజలై తలూపింది.

"నెత్తురు రాలేదటగా. రుక్కు పిన్ని ఫోన్‌లో చెప్పింది, ఏడుస్తూ." మలర్ గుమ్మానికి ఆనుకుంది. "ఆడపిల్లత్తా. రెండు నెలలు ముందే వచ్చేసింది. మూడు రోజులు బతికింది. పుట్టిన గంటకే ఈయన ఫోన్ చేశారు, అమ్మని తీసుకురా పిన్నీ, చూస్తుంది అని. మొక్కులో ఉంది, పురుడు కబురు వినకూడదంది రుక్కు పిన్ని. సరే, మన కోసమేగా చేస్తోంది, పూర్తి కానీ అన్నారు. మూడేళ్ళ తర్వాత ఈయన మీ మీద జాలిపడటం అదే చూశాను."

అంజలై నోరు తెరుచుకుంది. విభూది ముద్దకట్టిన నాలుక కదల్లేదు.

"నిన్న పొద్దున్న పోయింది. మీ దగ్గరికి పంపింది నేనే. ఈయన వద్దన్నారు. పూడ్చేముందు ఒక్క చెంచా పాలు నాన్నమ్మ చేత్తో నోట్లో పొయ్యాలి కదా, తాత ఎలాగూ లేడు, వెళ్ళి అడగండి, ఎంతైనా మనవరాలు, ఎందుకు రాదు అన్నాను. ఈయన వచ్చి ఏమీ చెప్పలేదు. అమ్మ చాలా మెత్తగా మాట్లాడిందే అన్నారు, అంతే. పొద్దున్న మీరు కొండెక్కే వేళకి పూడ్చేశాం. ఎవరి చేతి పాలూ పడలేదు."

అంజలై రెండు చేతులతో పాల గిన్నె ముందుకి చాచింది. ఏమని చాచిందో ఆమెకీ తెలియదు. గిన్నె ఒరిగి కొంచెం గడప మీద ఒలికింది.

మలర్ గిన్నెలోకి చూసింది. ఆమె జాకెట్టు ముందంతా రెండు వైపులా తడిసి, తడి ఇంకా పాకుతోంది.

"పాలా? పాలకేం కొదవత్తా ఈ ఇంట్లో?" అంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "ప్రసాదం కదా, నేను ముట్టుకోనులెండి. ఎండిన చేతులు."

అంజలై మాట్లాడాలని చూసింది. నలభై ఎనిమిది రోజులు అయిపోయాయి, ఇక అడ్డేముంది, తిట్టినా ఏడ్చినా కాళ్ళు పట్టుకున్నా అడిగేవాడు లేడు. నాలుక లావెక్కి దవడల మధ్య ఇరుక్కుపోయింది. గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది, అది మాట కాదు.

లోపలి గదిలోంచి దినకరన్ గొంతు వినిపించింది. "ఎవరు వచ్చారు మలర్?"

మలర్ అత్త మొహంలోకి చూస్తూనే జవాబు చెప్పింది.

"ఎవరో తైపూసం వాళ్ళండీ. ప్రసాదం తెచ్చారు. వెళ్ళిపోతున్నారు."